రెండేసి ఇటుకలు

ఆషాఢం చివర నా చేతిలో ఉన్నది ముందు చెబుతాను. ప్రొద్దుటూరు బట్టల బజారులో ముప్పై నాలుగేళ్లుగా నడుస్తున్న అంగడి. జమ్మలమడుగులో ఖమ్రున్నీసా ఇంటి వసారాలో ఎనిమిది మగ్గం ఫ్రేములు, వాటి ముందు కూర్చుని నా అంగడికి పెళ్లి జాకెట్లు కుట్టే ఎనిమిది మంది ఆడవాళ్లు. శ్రావణం ముహూర్తాలకు ఒప్పుకున్న పని. ఎడమకు ఆరు అరలు, కుడికి అయిదు అరలు తిరిగే మెడ.

అరల లెక్క ఏమిటంటే, నేను వీధివైపు మొహం పెట్టి పరుపు మీద కూర్చుంటాను. రెండు పక్కలా గోడకు వీధి దగ్గర నుంచి వెనక్కి ఎనిమిదేసి అరలు. వయసులో ఉన్నప్పుడు లేవకుండా, నడుము తిప్పకుండా ఎనిమిదో అర దాకా చూసేవాణ్ణి. అరవై ఒకటో ఏటికి ఆరు, అయిదు. దానికి నేను బాధపడలేదు. వయసుకు అంత తరుగు ఉంటుంది.

శ్రావణం మొదటి వారంలో జమ్మలమడుగు పోయాను. వసారాలోకి అడుగుపెడుతూనే ఒళ్లు మండింది. మూడు ఫ్రేములు మిగతా వాటికంటే ఎత్తుగా ఉన్నాయి. ఒక్కో కాలి కింద రెండేసి ఇటుకలు.

ఆ ఫ్రేములు నేను చేయించినవి. వడ్రంగికి కొలత నేనే ఇచ్చాను, మూరకు నాలుగు వేళ్లు తక్కువ అని. ఆడవాళ్లు చాప మీద కూర్చుని, కాళ్లు ఫ్రేము కిందికి చాపుకుని కుట్టాలి. ఫ్రేము ఎత్తు పెడితే బల్లలు కావాలి. బల్ల మీద కూర్చున్న మనిషి ఊరికే లేస్తుంది. నేల మీద కూర్చున్న మనిషి లేవడానికి బద్ధకిస్తుంది, పని సాగుతుంది. ఈ ఉపాయం తట్టినందుకు అప్పట్లో బజారులో నలుగురికి చెప్పుకున్నాను కూడా.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

ఖమ్రున్నీసా సూది ఆపకుండానే చెప్పింది. "రోంత ఎత్తు పెట్టుకుంటిమన్నా. పొద్దస్తమానం తల వంచుకోని మెడలు పట్టేస్తాండాయి."

"ఇటుకల మీద ఫ్రేము కదిల్తే గుడ్డ వదులైతాది. ఈ నెమలిని చూడు, మెడ వంకర పోయింది."

"నెమలి మెడ కాబట్టి కనపడిందిలే," అంది మూల నుంచి రిహానా. ఆ ఎనిమిది మందిలో చిన్నది, నోరు మాత్రం పెద్దది. మిగతావాళ్లు నవ్వు దాచుకున్నారు.

అది దాచుకోకపోతే నాకు అంత కోపం వచ్చేది కాదేమో. వంగి మొదటి ఫ్రేము కింద ఇటుకలు లాగి వాకిట్లోకి విసిరాను. ఒకటి పగిలింది. రెండో ఫ్రేము కింద కూడా లాగాను. ఆఖరి ఇటుక లాగుతుంటే మెడలో ఏదో పట్టేసింది. తల అలాగే వంగిపోయి నిలబడ్డాను, నేలకేసి చూస్తూ.

"నిదానమన్నా, నిదానం," అని ఖమ్రున్నీసా లేచింది. ఉప్పు వేయించి గుడ్డలో మూటకట్టి తెచ్చి మెడకు ఆనించింది. పావుగంటకు తల లేచింది. లేచాక చూస్తే మూడో ఫ్రేము కూడా నేలకు దిగి ఉంది. దాని ఇటుకలు ఆమే తీసేసింది.

నేను మూట పట్టుకుని బస్సెక్కాను.

ఆ ఆదివారం గడ్డానికి ఓబులేసు దగ్గరకు పోయాను. గడ్డం గీశాక దవడ కింద ఒక చెయ్యి, నడినెత్తిన ఒక చెయ్యి వేసి ఎడమకోసారి కుడికోసారి టక్కుమనిపించడం అతని అలవాటు. ఇరవై ఏళ్లుగా ఆ రెండు చప్పుళ్లు వింటేగాని నాకు ఆదివారం అయినట్టు ఉండదు. ఆ రోజు ఎడమకు తిప్పాడు, పలకలేదు.

"ఇంగోసారి గట్టిగా," అన్నాను.

గట్టిగానే తిప్పాడు. మెడ దగ్గర మొదలై బొటనవేలి దాకా కరెంటు పాకినట్టు పాకింది. కుర్చీలోంచి లేచి అరిచాను. నోటికొచ్చింది అన్నాను.

"అరవొద్దు శెట్టీ," అన్నాడు ఓబులేసు కత్తి తుడుచుకుంటూ. "ఇంగోసారి అనింది ఎవరు? ఇరవై ఏండ్లు నా చెయ్యి బాగుండె, ఈ పొద్దు పాడైపాయనా? నీ మెడకు వయసొచ్చిందని నాకెవరు చెప్పినారు?"

మర్నాడు పరుపు మీద కూర్చుని చూసుకుంటే ఎడమకు రెండు అరలు, కుడికి ఒకటి. అంతే. ధర్మవరం పట్టు నాలుగో అరలో ఉంటుంది. నా అంగట్లో నా పట్టు నాకు కనపడలేదు.

నా కొడుకు రాఘవేంద్రప్రసాద్ కారులో పట్నం తీసుకుపోయాడు. పెద్ద ఆసుపత్రి. స్కానింగు తీశారు. డాక్టరు ఫిల్ము వెలుతురుకు పెట్టి చూసి, "ఎముకలు అరిగాయి, నరం మీద ఒత్తిడి ఉంది, ఆపరేషన్ చేయాలి," అన్నాడు. "ఆలస్యమైతే చెయ్యి పడిపోవచ్చు."

నా మెడ మీద ఒక్క వేలు పెట్టలేదు. నా అంగట్లో కొంగు ముట్టకుండా ఎవరూ చీర కొనరు. ఈయన మనిషిని ముట్టకుండా కోస్తానంటున్నాడు.

బయట కౌంటరులో ఒక అమ్మాయి కంప్యూటరు చూసి చెప్పింది. "దీపావళి అయిన గురువారం ఖాళీ ఉంది సార్. పండగ ఆఫర్‌లో గది కూడా ఏసీ వస్తుంది."

చీరల మీద పండగ ఆఫరు నేనూ పెడతాను. మెడల మీద పెట్టిన వాళ్లను అప్పుడే చూశాను. పైగా అంత తొందరైతే రెండు నెలల తర్వాత తేదీ ఎందుకు? రెండు నెలలు ఆగగలిగితే కోత ఎందుకు? ఈ రెండు ప్రశ్నలు నాకు తిరిగి వస్తూ ముద్దనూరు దాటాక తట్టాయి. అక్కడ మాత్రం భయపడి తల ఊపాను. ఊపడానికి కూడా రాలేదు, మెడకు అప్పటికే గట్టి కాలరు బిగించారు.

దారిలో మా వాడు అన్నాడు. "నాయనా, ఆపరేషన్ అయినాంక నువ్వు ఇంటికాడనే ఉండు. పరుపు ఎత్తేసి గాజు కౌంటర్లు పెడతా. ఈ కాలంలో కింద కూర్చోని ఎవరు అమ్ముతాండారు?"

అంటే నాకు ఇచ్చిన గడువు దీపావళి. మెడ కోతకు, పరుపు తీసివేతకు ఒకటే తేదీ.

నెల రోజులు కాలరు పెట్టుకుని కూర్చున్నాను. అది ఉంటే కింద మీటరు బద్ద కనపడదు. చీర కొలవాలంటే నడుము నుంచి మొత్తం మనిషిని వంచాలి. వచ్చినవాళ్లు చీర చూసే ముందు నన్ను చూసేవాళ్లు.

"ఏం శెట్టీ, కాడి కట్టినారే? ఏ పొలానికి?" అని ఒక కొండాపురం ఆయన.

"అప్పులోడు గొంతు పట్టుకున్న్యాడేమో," అని పక్కంగడి పాపయ్య.

ఈ లోపల మెడకు అయస్కాంతాల పట్టీ ఒకరు అంటగట్టారు. ఆవు నెయ్యితో కాచిన తైలం ఒకరు. నీళ్లు పోసి వేలాడదీసే సంచీ ఒకటి కొరియర్లో వచ్చింది. అన్నీ తీసుకున్నాను. సరుకు చూసి బేరమాడే మనిషిని, నొప్పి ముందు పల్లెటూరి పెళ్లికొడుకులా ఎవరేం చూపిస్తే అది తీసుకున్నాను. నెల గడిచేసరికి ఎడమకు రెండు, కుడికి ఒకటి. కదలలేదు.

చివరకు నా భార్య లక్ష్మీదేవమ్మ ఒక పొద్దున చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"పులివెందుల పోదాం లెయ్. మా చిన్నక్క భుజం బాగుచేసిన పిల్ల ఉంది ఆడ."

"పిల్లా? పట్నం డాక్టరు కోయాలంటాంటే పిల్ల ఏం చేస్తాది?"

"నీ మెడనన్నా ముట్టి చూస్తాదంట. ఆ మాత్రం చాలదా?"

ఆ పిల్ల పేరు నాజియా. పులివెందులలో మందుల అంగడి మీద మేడగదిలో ఫిజియోథెరపీ చేస్తుంది. ముప్పై ఏళ్లు ఉండవు. గదిలో ఒక మంచం, ఒక అద్దం, గోడకు కట్టిన రబ్బరు పట్టీలు. నేను ఫిల్ము తీసి ఇవ్వబోయాను.

"అది తర్వాత చూస్తా అప్పా. ముందర మీరు కాలరు తీసి చొక్కా విప్పండి. గుండీలు మీరే విప్పాల, అమ్మ సాయం చేయకూడదు."

విప్పాను. చూస్తూ ఉంది. మళ్లీ పెట్టుకోమంది. తన రెండు వేళ్లు ఇచ్చి పిండమంది. గీత మీద నడిచినట్టు ఒక పాదం ముందు ఒక పాదం పెట్టి నడవమంది. మోకాళ్ల మీద, మోచేతుల మీద చిన్న సుత్తితో కొట్టింది. మూత్రం పట్టు తప్పుతోందా అని అడిగింది. అప్పుడు మెడ మీద చేతులు వేసింది. ఒక్కో ఎముకా తడుముతూ, "ఈడ? ఈడనా?" అని అడిగింది. ఆ తర్వాతే ఫిల్ము చూసింది.

"అరిగినాయి. మీ వయసులో శానామందికి అరుగుతాయి, నొప్పి లేనోళ్లకు కూడా. అరిగింది మళ్లీ రాదు. కానీ మీ చేతి పట్టు బాగుంది, నడక బాగుంది."

"అంటే ఆపరేషన్ వద్దా?"

"వద్దని నేను చెప్పకూడదు. కింద ఎముకల డాక్టరు గారున్నారు, ఆయనకు కూడా చూపిస్తాం. ఈ పొద్దు మీ చేతులు మాత్రం తొందర లేదంటాండాయి. ఆరు వారాలు నేను చెప్పినట్టు చెయ్యండి. గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, నడక తూలినా, ఆ రోజే రండి, నేనే మిమ్మల్ని కోతకు పంపిస్తా. కాలరు ఎన్నాళ్లయింది?"

"ముప్పై రోజులు."

"ముప్పై రోజులు ఎద్దును కట్టేస్తే మడక దున్నుతాదా?"

లక్ష్మీదేవమ్మ కిసుక్కున నవ్వింది. నాకు మండింది. ముప్పై రోజులు నేను ఓర్చుకున్నది ఊరికేనా? కింద డాక్టరు కూడా మెడ పట్టి చూసి అదే మాట అన్నాడు, ఆరు వారాలు చూద్దామని. ఒకడు కోయాలంటాడు, ఇద్దరు ఆగాలంటారు. చీర రంగు మీద ఇన్ని మాటలు చెబితే ఒక్క గిరాకీ కూడా నిలబడదు.

నాజియా నేర్పింది చాలా చిన్న పనులు. గడ్డాన్ని లోపలికి నెట్టి అయిదు అంకెలు లెక్కపెట్టడం. అరచెయ్యి నుదుటికి ఆనించి, తల కదలకుండా దానిమీద ఒత్తడం. అలాగే రెండు పక్కలా, వెనకా. భుజాల రెక్కలు దగ్గరికి లాగడం. వేడి గుడ్డ కాపడం. రెండు దిండ్లు తీసేసి ఒక్కటి, పలచటిది. మెడ ఎవరి చేతా విరిపించుకోకూడదు. ఇంత సుళువైన పనికి బస్సు దిగి మేడ ఎక్కామా అనిపించింది.

చివర్లో అడిగింది. "మీరు అంగట్లో ఎట్ల కూర్చుంటారు, చూపించండి."

నేల మీద మఠం వేసుకుని కూర్చున్నాను. ముందు పొట్టి బల్ల ఉన్నట్టు చేతులు పెట్టి, తల వంచి, గుడ్డ కొలిచినట్టు కొలిచాను. ఫోను వస్తే భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి కొలవడం కూడా చూపించాను.

"దినానికి ఎన్ని గంటలు?"

"పది, పదకొండు."

"మెడది తప్పు లేదప్పా. బల్లది తప్పు. మీరు వంగి పని దగ్గరికి పోతాండారు, పని మీ కండ్ల దగ్గరికి రావల్ల. ఏం ఖర్చు లేదు. బల్ల కాళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టండి."

నేను నేల మీంచి లేచి పంచె దులుపుకున్నాను.

"ఇటుకలు కదలవా?" అన్నాను తర్వాత. "కొలత తప్పితే?"

"కింద గోనెపట్ట ముక్క వేస్తే కదలవు."

గోనెపట్ట. నా అంగట్లో మూటలు విప్పినప్పుడల్లా బయట పారేసేది అదే. మెట్లు దిగుతుంటే లక్ష్మీదేవమ్మ, "మొహం ఎర్రగా అయిందేం, నొప్పా?" అంది. అవునన్నాను. నిజానికి నాకు ఆ పిల్ల మీద కోపంగా ఉంది. ఎందుకో చెప్పమంటే చెప్పలేను.

ఆ సాయంత్రమే నా బల్ల కింద ఇటుకలు పెట్టాను. గోనెపట్ట వేశాను. కదలలేదు. వారానికి రెండుసార్లు పులివెందుల పోయాను, మిగతా రోజులు అంగట్లోనే గడ్డం లోపలికి నెట్టుకుంటూ కూర్చున్నాను. రెండో వారానికి బొటనవేలి తిమ్మిరి తగ్గింది. మూడో వారానికి, దసరా రద్దీ నడుమ, ఎడమ పక్క నాలుగో అరలో ధర్మవరం పట్టు కనపడింది. లేచి నిలబడి చూడాలనిపించింది, కానీ కూర్చునే చూశాను.

పట్నం ఆసుపత్రికి ఫోను చేసి పేరు తీసేయమన్నాను. "మీ రిస్కు మీద మీరు క్యాన్సిల్ చేస్తున్నారు సార్," అంది ఆ అమ్మాయి. ముట్టి చూడకుండా కోయడం ఎవరి రిస్కు అని అడిగాను. ఫోను పెట్టేసింది.

జమ్మలమడుగు మాత్రం నేను పోలేదు. దసరా జాకెట్లు బస్సులో వచ్చాయి, లెక్క ప్రకారం, ఒక్క నెమలి మెడా వంకర లేకుండా. సీజను కదా, తీరిక లేదు అని చెప్పుకున్నాను. పులివెందులకు వారానికి రెండుసార్లు తీరిక దొరికింది.

విజయదశమి అయిన మూడో రోజు పోయాను. వసారాలో ఎనిమిది ఫ్రేములూ నేలమీదే ఉన్నాయి. ఎనిమిది తలలు వంగి ఉన్నాయి. ఒక్కటి సగమే వంగి ఉంది, ఎందుకంటే దానికి కాలరు ఉంది. నా కాలరు. గడ్డం దగ్గర నా నూనె మరక కూడా అలాగే ఉంది. నేను పులివెందుల పోయిన రోజు సరుకు ఇవ్వడానికి ఖమ్రున్నీసా ప్రొద్దుటూరు వస్తే, ఊరికే పడి ఉంది కదా అని లక్ష్మీదేవమ్మ ఇచ్చిందట.

"తీసెయ్ దాన్ని," అన్నాను.

"నీదే కదన్నా. వద్దా? తీసుకపోతావా?"

"అది పెట్టుకోకూడదు. మెడ బలం పోతాది. ఎన్నాళ్లనుంచి నొప్పి?"

"నీకంటే ముందర్నుంచే."

"మరి నాకు చెప్పకపోతే ఎట్ల?" గొంతు పెరిగింది. నిజంగానే కోపం వచ్చింది నాకు. "ఇన్నేండ్లు నా పని చేస్తాండావు. నోరు లేదా? ఒగ మాట చెప్పకూడదా?"

ఖమ్రున్నీసా సూది గుడ్డకు గుచ్చి, మొత్తం మనిషి నావైపు తిరిగింది. మెడ ఒక్కటే తిరగదు కాబట్టి.

"నోటితో చెప్పినా. ఇటుకలు పెట్టి చూపించినా. ఇంగెట్ల చెప్పల్లన్నా?"



వాకిట్లోకి పోయాను. శ్రావణంలో విసిరిన ఇటుకలు తులసికోట లేని ఆ చిన్న వాకిట్లో గోడవార పేర్చి ఉన్నాయి. పగిలినదాన్ని కూడా రెండు ముక్కలూ కలిపి పెట్టారు. సంచీలోంచి గోనెపట్ట తీశాను. ముక్కలు కోసుకునే వచ్చానని అప్పుడు తెలిసింది వాళ్లకు. నేను మోకాళ్ల మీద కూర్చుని, మెడ వంచకుండా, నాజియా చెప్పినట్టు నడుము నిటారుగా పెట్టి మొదటి కాలి కింద పెట్టాను. రిహానా వచ్చి ఫ్రేము ఎత్తి పట్టుకుంది.

"శెట్టన్న మెడ విరిగినాంక మా మెడలు కనపడినాయి," అంది. "ఇంగ నడుము కూడా విరిగితే బల్లలు వస్తాయేమో."

"నువ్వు ఎత్తి పట్టుకో, మాట్లాడొద్దు," అన్నాను.

మూడు ఫ్రేములకు సరిపోయాయి. మిగతా వాటికి పక్కవీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రీని అడిగి తెప్పించాను. పని అయ్యాక ఖమ్రున్నీసా కొత్త ఎత్తులో కూర్చుని సూది పట్టుకుంది. తల నిలబడే ఉంది.

"గంటకొకతూరి లేస్తాం," అంది.

"గంటకా? ఎనిమిది మంది గంటకొకతూరి లేస్తే దినానికి ఎంత పని పోతాదో తెలుసా?"

"నువ్వు రెండు నెలలు అంగట్లో తల తిప్పల్యాకపోతివే, ఎంత పోయింది? అది చెప్పు. దాన్ని బట్టి చూసుకుందాం."

బేరంలో ఎదుటివాడి చేతికి ఎప్పుడు కొలబద్ద పోతుందో వ్యాపారికి తెలుస్తుంది. సరే అన్నాను. పులివెందుల నాజియా సంగతి చెప్పాను. ఆడవాళ్లకు బస్సు ఈ ఏడే ఉచితం చేశారు కదా, వారానికోసారి పోయి రమ్మన్నాను.

"బస్సు ఊరికేలే. నువ్వు పోయినప్పుడు నీ అంగడి ఎవరు చూసినారు?"

"మా వాడు."

"నా ఫ్రేము ఎవరు చూస్తారు?"

ఆమె కాలరు విప్పి నా చేతిలో పెట్టింది. "తీసుకపో. జవాబు దొరికినాంక చెప్పు."

"పోయిన రోజు పని చేసిన రోజే, కూలి ఇస్తా," అన్నాను. నాకంత త్వరగా నోటికి వచ్చిన మాట ఈ మధ్య ఇంకొకటి లేదు. ఆ మాట అన్నందుకు కూడా నా మీద నాకే చిరాకు వేసింది. పదేళ్ల కిందట అనవలసిన మాట.

దీపావళి ముందు ఆమె జాకెట్ల మూటతో అంగడికి వచ్చింది. పరుపు మీద, నేను కూర్చునే చోట కూర్చోమన్నాను. మొహమాటపడింది. మా వాడు విచిత్రంగా చూశాడు. "భుజం కదలకుండా ఎడమకు తిరుగమ్మా. ఏ అర దాకా కనపడతాంది?"

"రెండు," అంది. "కుడికి ఒగటే."

అచ్చంగా ఓబులేసు విరిచిన మర్నాటి నా లెక్క. నాకు అది విరిచిన నొప్పి. ఆమెకు అది మామూలు రోజు. ఆ మెడతోనే ఆమె నా నెమళ్లన్నిటికీ మెడలు నిలబెట్టింది.

కార్తీక పౌర్ణమి వెళ్లాక మళ్లీ కూర్చోబెట్టి చూశాను. ఎడమకు మూడు.

ఇక ఆఖరి లెక్క. పరుపు నాకే ఉంది. గాజు కౌంటర్ల మాట మా వాడు ఎత్తడం మానేశాడు. నా మెడ ఎడమకు ఆరు, కుడికి అయిదు, ఆషాఢంలో ఎంత ఉందో అంతే. అసలు తిరిగి వచ్చింది, వడ్డీ ఏమీ లేదు. ఎనిమిది ఫ్రేముల కింద అరవై నాలుగు ఇటుకలు ఉన్నాయి, కదలడం లేదు. ఈ సీజనులో కొత్తగా వచ్చింది ఒక్క అర, అది ఖమ్రున్నీసా మెడకు వచ్చింది. శ్రావణంలో ఆమె తన ఫ్రేముకు పెట్టుకున్న ఎనిమిది ఇటుకలు ఉన్నచోటే ఉండనిచ్చి ఉంటే ఎన్ని వచ్చేవో తెలియదు. అవి తీసి వాకిట్లో పారేసింది నేనే.